యంత్రం సిద్ధం, బ్లాకు ఏదీ?

రైల్లో కిటికీ పక్క సీటు కోసం పేచీ పెట్టేవాళ్లకు ఈ బండి పరిచయమే. ఏదో చిన్న స్టేషన్లో, ఎవరూ పట్టించుకోని చివరి లైనులో, పసుపు రంగు పూసుకుని పొడుగ్గా నిలబడి ఉంటుంది. ఇంజినూ కాదు, పెట్టే కాదు. నడుమ భాగంలో కిందికి వేలాడుతూ ఇనుప పోట్ల వరస. వెనకాలే ఒక పాత బోగీ, దాని కిటికీ చువ్వలకు ఆరేసిన తువ్వాళ్లు, లోపల్నుంచి తాలింపు వాసన. ఆ బోగీయే దాన్ని నడిపేవాళ్ల ఇల్లు. యంత్రం ఏ ఊరు వెళ్తే ఆ ఊరి సైడింగులో వాళ్ల కాపురం.

దాని పేరు ట్యాంపింగ్ మెషీన్. ఆస్ట్రియా కంపెనీ ప్లాసర్ అండ్ థ్యూరర్ డిజైను. మన దేశంలో ఫరీదాబాద్‌లోనూ గుజరాత్‌లోని కర్జన్‌లోనూ తయారవుతుంది. నడపడం నేర్పే శిక్షణ కేంద్రం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. నేను దాన్ని ఎక్కువసార్లు చూసింది నిలబడి ఉండగానే. ఈ వారం నా గొడవ ఆ నిలబడటం గురించే. కానీ కదిలినప్పుడు అది ఏం చేస్తుందో తెలియకపోతే, నిలబడితే పోయేదేమిటో తెలియదు.

రైలుపట్టా నేలమీద ఉండదు, కంకర మీద ఉంటుంది. పైన పట్టాలు, వాటి కింద అడ్డంగా స్లీపర్లు, స్లీపర్ల కింద మూరెడు లోపు మందాన కంకర. బండి వెళ్లిన ప్రతిసారీ ఆ రాళ్లు వెంట్రుకవాసి జరుగుతాయి. అంతటా ఒకేలా జరిగితే బాధ లేదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. దిగిన చోట చక్రం దెబ్బ ఇంకాస్త గట్టిగా పడుతుంది, అది మరింత దిగుతుంది. నల్లరేగడి నేలల్లో వానాకాలం వస్తే ఈ వ్యవహారం మరీ తొందరగా ముదురుతుంది. విజయవాడ–గూడూరు మధ్య ఇప్పుడు బండ్లు గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పోవచ్చు. ఆ వేగంలో కొద్ది మిల్లీమీటర్ల పల్లం కూడా ప్రయాణికుడి నడుముకు తెలిసిపోతుంది.

ట్యాంపింగ్ మెషీన్ చేసేదల్లా పట్టాను పట్టుకుని, స్లీపర్లతో సహా పైకెత్తి, ఉండాల్సిన ఎత్తులో నిలిపి ఉంచడం. ఆ లోపల ఇనుప పోట్లు స్లీపరుకు రెండు పక్కలా కంకరలోకి దిగుతాయి. సెకనుకు 35 సార్లు కంపిస్తూ రాళ్లను వదులు చేసి, రెండు వైపుల నుంచీ నొక్కి స్లీపరు కిందికి తోస్తాయి. తర్వాత లేచి ముందుకు వెళ్తాయి. మన దగ్గర ఎక్కువగా తిరిగే రకానికి 32 పోట్లు, ఒక్కసారికి రెండు స్లీపర్లు. కొత్తవాటికి మూడు. కిలోమీటరుకు 1660 స్లీపర్లు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క స్లీపరు తేడా చిన్నదేం కాదు. ఇంకో తెలివి కూడా ఉంది. పెద్ద బండి ఆగకుండా మెల్లగా కదులుతూనే ఉంటుంది. దాని కడుపులో పోట్లున్న చట్రం మాత్రమే ఆగుతూ, పని చేస్తూ, గబుక్కున ముందుకు గెంతుతూ పోతుంది. అంత బరువున్న బండిని ప్రతి స్లీపరు దగ్గరా ఆపి కదిలిస్తే మనుషులూ యంత్రమూ కూడా అలిసిపోతారని గ్రహించినవాడికి దణ్ణం పెట్టాలి.

ఇదే పనిని చేత్తో చేసిన తరం ఒకటి ఉంది. మా పెదనాన్న ఆ తరం గ్యాంగు మేస్త్రీ. వాళ్ల పనిముట్టు బీటరు. ఒక కొస గునపంలా, రెండో కొస మొద్దుగా ఉండే బరువైన ఇనుప పిక్కాసు. ఒక్కో స్లీపరుకు నలుగురు. ఒక్కో పట్టా దగ్గర ఇద్దరు, వీపు వీపుకు ఆనేంత దగ్గరగా నిలబడి, ఎదురెదురు దిక్కుల నుంచి ఏటవాలుగా, ఒకే తాళంలో, పట్టా కింద పడే చోటికి కంకర కొట్టాలి. తాళం తప్పితే ఒకడు తోసిన రాయిని రెండోవాడు వెనక్కి నెట్టినట్టవుతుంది. అందుకే గ్యాంగు వాళ్లు అరుపుల్ని పాటలా అందుకునేవారు. చూసేవాళ్లకు అది వినోదం, వాళ్లకు కొలత.

స్లీపరు నడుమ భాగాన్ని మాత్రం గట్టిగా కొట్టేవారు కాదు. ఎందుకని అడిగితే పెదనాన్న విసుక్కునేవాడు. “నడుమ కూడా కొడితే దాని మీదే ఊగుతుంది కదరా. చివర్లు గాల్లో ఉంటాయి. పట్టా ఉన్నచోట నేల ఉండాలి గానీ లేనిచోట ఎందుకు?” ఇప్పటి యంత్రం పోట్లు కూడా పట్టాకు రెండు పక్కల మాత్రమే దిగుతాయి. నడుమ జోలికి పోవు.

ఆయన అసలు విద్య కంటిలో ఉండేది. పట్టా పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెంప దాదాపు ఇనుముకు ఆనించి, ఒక కన్ను మూసి దూరంగా చూసేవాడు. నాకు తిన్నగానే కనిపించే పట్టాలో ఆయనకు వంకర కనిపించేది. చెయ్యి ఎడమకు ఊపితే అక్కడ గడ్డపారలు పట్టుకున్నవాళ్లు ఎడమకు నెట్టేవారు. అరచెయ్యి చూపిస్తే ఆగేవారు. వంపుల దగ్గర కన్ను చాలదు కాబట్టి 20 మీటర్ల దారం కొస నుంచి కొసకు పట్టాకు ఆనించి లాగి, సరిగ్గా మధ్యలో దారానికీ పట్టాకూ ఎడం ఎంతో స్కేలుతో చూసేవారు. వంపు పొడవునా ఆ ఎడం ఒకేలా ఉంటే వంపు బాగున్నట్టు. ఒకచోట ఎక్కువా ఇంకోచోట తక్కువా ఉంటే చక్రం అక్కడ పట్టాను తంతుంది.

నేను ట్యాంపింగ్ మెషీన్ గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్లూ లేజర్లూ ఉంటాయనుకున్నాను. ఉన్నాయి కూడా. కానీ దాని మూల సూత్రం దగ్గరికి వెళ్తే అక్కడున్నది సన్నని ఉక్కు తీగ. యంత్రం ముందు చివర నుంచి వెనక చివర దాకా తీగ లాగి ఉంటుంది. పట్టాకూ తీగకూ ఎడం ఎంతో చూసి, తేడా ఉన్నంత మేరకు పట్టాను పక్కకు జరుపుతుంది. మా పెదనాన్న దారానికి చక్రాలు తొడిగారన్నమాట. దానికున్న ఇబ్బందీ దారానిదే. ఆ తీగ ముందు కొస నిలిచేది ఇంకా సరిచెయ్యని పట్టా మీద. అక్కడే తప్పు ఉంటే తీగే తప్పు చూపిస్తుంది. అందువల్ల ఊరికే తోలుకుపోతే యంత్రం తప్పును తగ్గిస్తుంది గానీ పూర్తిగా తీసెయ్యదు. పూర్తిగా పోవాలంటే మనుషులు ముందుగా నడిచి, కొలిచి, ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో, ఎంత ఎత్తాలో లెక్కగట్టి యంత్రానికి చెప్పాలి. ఆ కొలత వేసే ఓపిక లేనిచోట కోట్ల రూపాయల బండి కూడా వంకరను కాస్త అందంగా సర్ది వెళ్లిపోతుంది.

గ్యాంగు చేతులు సోమరివై యంత్రం రాలేదు. కాంక్రీటు స్లీపరు వచ్చింది కాబట్టి వచ్చింది. చెక్క స్లీపరును ఇద్దరు భుజాలకెత్తుకునేవారు. కాంక్రీటుది పావు టన్నుకు పైమాటే. దాన్ని పైకెత్తి కింద బీటరుతో కొట్టడం మనిషి వల్లయ్యే పని కాదు, అంచుల మీద బీటరు దెబ్బ పడితే కాంక్రీటు పెచ్చులూడుతుంది. పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికెయ్యడానికి ఆ బరువే కావాల్సి వచ్చింది. చిన్నప్పటి ‘టకటక’ చప్పుడు మాయమైంది అలా అతికెయ్యడం వల్లే.

యంత్రాన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. పోట్లు దిగిన ప్రతిసారీ కొన్ని రాళ్లు నలుగుతాయి, ఆ పొడి కంకర సందుల్లో చేరుతుంది. కంకరకు పాత అలవాటు పోదన్న మాట ఒకటి ఇంజినీర్లలో ఉంది. కొద్దిగా ఎత్తి సర్దిన పట్టా, కొన్ని వారాల రాకపోకల తర్వాత, తన పాత పల్లంలోకే జారుకుంటుంది. దీనికి బ్రిటిష్ రైల్వే వాళ్లు వేరే దారి పట్టారు. స్లీపరు కింద ఎంత ఖాళీ ఉందో కొలిచి, అంతకు సరిపడా చిన్న రాళ్లను పారతో చల్లే చేతిపని వాళ్లకు ఉండేది, మంచం కోడు కింద చెక్కముక్క పెట్టినట్టు. ఆ పద్ధతి మన రైల్వేలోనూ నడిచింది. దానినుంచే వాళ్లు స్టోన్‌బ్లోయర్ అనే యంత్రం తయారుచేశారు. అది పాత కంకరను కుళ్లబొడవదు. పట్టాను ఎత్తి, గొట్టాల గుండా గాలి ఒత్తిడితో చిన్న రాళ్లను స్లీపరు కిందికి ఊదుతుంది. రెండు యంత్రాలూ రెండు రకాల చేతిపనికి వారసులు. ఏది మంచిదన్న వాదనలోకి నేను పోను.

ఇంకా పెద్ద యంత్రాలున్నాయి. కంకర శుభ్రం చేసేది చూస్తే నోరు తెరుచుకుంటుంది. పట్టాల కింది నుంచి పళ్లున్న గొలుసు తిరుగుతూ కంకరనంతా తవ్వి పైకి తెస్తుంది, జల్లెడ పడుతుంది, మంచి రాళ్లను తిరిగి వేసి, మట్టినీ పొడినీ పక్కకు విసిరేస్తుంది. పదేళ్లకొకసారైనా ఇలా జల్లెడ పట్టాలని మన రైల్వే నియమం. కాజీపేట–బల్లార్షా లాంటి బొగ్గు దారిలో వ్యాగన్ల నుంచి రాలే పొడితో కంకర సందులు పూడుకుపోతాయి, నీరు దిగదు. ఇక పట్టాలు మార్చే రైలు ఉంది. ముందు చక్రాలు పాత లైను మీద, వెనక చక్రాలు తాను అప్పుడే వేసిన కొత్త లైను మీద. మధ్యలో పాత స్లీపర్లు తీసి, కొత్తవి పరిచి, పట్టాలు అమర్చుకుంటూ తన దారి తానే వేసుకుపోతుంది.

ఇవన్నీ పనిచెయ్యాలంటే ఒకటే షరతు. ఆ లైనులో ఆ కాసేపు ఏ రైలూ రాకూడదు. దాన్నే బ్లాకు అంటారు. బ్లాకు ఇవ్వాల్సింది రైళ్లు నడిపే విభాగం. అడిగేది పట్టాలు చూసే విభాగం. ఒకరి మెప్పు బండి సమయానికి పోవడంలో, ఇంకొకరి మెప్పు బండి పడిపోకపోవడంలో. రెండోది ఎవరి కంటికీ కనపడదు. గంట బ్లాకు దొరికినా అందులో సైడింగు నుంచి పనిచోటికి వెళ్లడానికి కొంత, పోట్లు దించి సర్దుకోవడానికి కొంత, మళ్లీ మడిచి బయటపడటానికి కొంత పోతుంది. పోటు దిగబడి లేవకపోతే చేతి పంపుతో లేపాలి. ఆలోగా వెనక రైళ్లన్నీ నిలబడతాయి, ఫోన్లన్నీ మోగుతాయి.

పైగా ఎండ ఉంది. అతుకుల్లేని పట్టా వేడికి సాగాలని చూస్తుంది, పక్కకు పోకుండా దాన్ని పట్టుకున్నది కంకరే. ఆ కంకరను ట్యాంపింగ్ వదులు చేస్తుంది. అందుకే పట్టాను బిగించినప్పటి ఉష్ణోగ్రత కంటే 10 డిగ్రీలు మించి వేడెక్కితే ట్యాంపింగ్ చెయ్యకూడదు. రామగుండం వేసవి ఎరిగినవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం ఖాళీ లైను దొరికినా పనికిరాదు. తెల్లవారుజామున చల్లబడి ఉంటుంది, అప్పుడేమో రాత్రి ఎక్స్‌ప్రెస్‌లన్నీ వరసకట్టి వస్తుంటాయి.

రైళ్లు పట్టాలు తప్పడంపై కాగ్ 2022లో ఇచ్చిన నివేదిక ఈ ముడిని అంకెల్లో పెట్టింది. 2017–18 నుంచి 2020–21 దాకా లెక్కలు చూసింది. ట్రాక్ యంత్రాలు ఊరికే ఉండటానికి కారణాల్లో, రైళ్లు నడిపే విభాగం బ్లాకు ఇవ్వకపోవడం 32 శాతం. డివిజన్లు బ్లాకు ప్రణాళికే వెయ్యకపోవడం 30 శాతం. సిబ్బంది లేక ఆగింది 5 శాతమే.

బ్లాకు దొరకనప్పుడు మనిషి ఏం చేస్తాడో ఖతౌలీ ప్రమాదం చెప్పింది. 2017 ఆగస్టు 19న ఉత్తరప్రదేశ్‌లో పూరీ–హరిద్వార్ ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ పట్టా పని సగంలో ఉన్నచోటికి పూర్తి వేగంతో వచ్చి పడింది. 20 మందికి పైగా చనిపోయారు. బ్లాకు లేకుండా, బండిని ఆపే ఏర్పాటు లేకుండా పని మొదలుపెట్టారు. అలా చెయ్యడం నేరమే, కాదనను. కానీ పని ఆపితే పట్టా విరుగుతుందన్న భయం ఒక పక్క, అడిగితే సమయం దొరకదన్న అనుభవం ఇంకో పక్క నలిపేస్తే కింది ఉద్యోగి అడ్డదారి తొక్కుతాడు. ఆ రెంటి మధ్యా అతన్ని పెట్టినవాళ్ల పేర్లు సాధారణంగా సస్పెన్షన్ ఉత్తర్వుల్లో కనపడవు.

కదలిక లేకపోలేదు. 2023 నవంబరు 30 నాటి గెజిట్‌తో బ్లాకులను 52 వారాల ముందుగానే ప్రణాళిక వేసుకునే పద్ధతి నియమాల్లోకి ఎక్కింది. మన వైపు మూడో లైన్లు పడుతున్నాయి. వాటిని ఎక్కువ రైళ్ల కోసమనే అందరూ లెక్కేస్తున్నారు. ఒక లైను మూసి మరమ్మతు చేసుకుంటే రెండు మిగులుతాయన్న లాభం ఎవరి ప్రసంగంలోనూ వినలేదు. కొత్త లైను రాగానే కొత్త రైళ్లతో నింపేస్తే మళ్లీ మొదటికే.

రైల్వే వారికి ఒక్క విన్నపం. బండి ఆగినప్పుడు ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అనే పాత రికార్డు మానెయ్యండి. “ముందు లైను బాగుచేస్తున్నాం, తొమ్మిదింటికి అయిపోతుంది” అని మైకులో సూటిగా చెప్పండి. బ్లాకుల సమయాలు టైంటేబుల్లోనే అచ్చెయ్యండి. ప్రయాణికుడు తిట్టుకున్నా కారణం తెలిసి తిట్టుకుంటాడు. బ్లాకు ఇచ్చినందుకు ఏ స్టేషన్ మాస్టరూ పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవాల్సిన అవసరం రాకూడదు.