రంగేసిన డబ్బా మళ్లీ వంటింటికే

ధనుర్మాసం వచ్చిందంటే మన యానాంలో ఇళ్లన్నీ సర్దుళ్లలో పడతాయి. అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. కాలు విరిగిన పీట భోగిమంటకి, తుప్పు పట్టిన డబ్బా పాత ఇనుప సామాన్లవాడికి, మూత పోయిన సీసా చెత్తబండికి అంటూ పంపకాలు జరిగిపోతాయి. ఆ పంపకాలు పూర్తయ్యేలోపే ఒక మాట చెప్పాలని ఈ వారం ఇది రాస్తున్నాను. వాటిలో చాలా వాటిని గరుకు కాగితంతో బాగా రుద్ది, రంగు రెండు పూతలు వేస్తే చాలు, ఇంకో పదేళ్లు ఇంట్లో తిరుగుతాయి.

వాడుకలో ఉన్న వస్తువుకి రంగేయడం మనకి కొత్త విద్యేం కాదు. పెళ్లింట చూడండి. పీటల మీద పద్మాలు, చేటకి పసుపు కుంకుమలు, సున్నం పూసి రంగుల గీతలు దిద్దిన అరివేణి కుండలు. పెళ్లికూతురు పట్టుకునే కొబ్బరిబొండాం మీద ఇప్పుడు వధూవరుల పేర్లు, బొమ్మలు కూడా వేస్తున్నారు. ఇవన్నీ ఇంట్లో మామూలుగా ఉండేవే. రంగు పడ్డాక వాటిని ఎవరూ గోడకి తగిలించలేదు. పీట మీద కూర్చున్నారు, కుండని పూజలో పెట్టారు, చేటలో బియ్యం పోశారు. వస్తువుని పనిలోకి దించే ముందు దానికి చేసే మర్యాద ఆ రంగు.

చేర్యాల చిత్రకారులు కొబ్బరిచిప్ప మీద చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్ద పెట్టి, ముక్కూ కళ్లూ తీర్చి, రంగులేసి ముఖాలు చేస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్క ముక్కలని అతకడానికీ అలాంటి ముద్దే వాడతారు. మక్కు అంటారు దాన్ని. పైన సున్నం పూత ఆరాకే రంగు. చిప్ప, చింతగింజ, పొట్టు, అన్నీ పారేసేవే. పక్కనే కోనసీమ తోటలు పెట్టుకుని మనం మాత్రం చిప్పల్ని తిన్నగా పొయ్యిలోకి పంపుతున్నాం.

ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసి ఎంతోమంది వస్తువులకి రంగేసే ఈ పని నేర్చుకుంటున్నారు. అది చూస్తే సంతోషమే. కానీ రంగేసి కానుకగా ఇవ్వడం కోసమే కొత్త సీసాలు, కొత్త చెక్కపలకలు కొంటుంటే మనసు చివుక్కుమంటుంది. ఫ్రెంచివారి రోజుల్లో విదేశీ సరుకు కోసం చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్ల నుంచి జనం మన మంగళవారం సంతకి వచ్చేవారు. 1954లో ఆ పాలన పోయింది. కానుక అంటే బయటి నుంచి కొనితెచ్చేదే అన్న అలవాటు మాత్రం ఉండిపోయింది. ఇంట్లో ఉన్నదాంట్లోంచి కానుక తియ్యడమే ఈ పనిలో అసలు విద్య అని నేను నమ్ముతాను.

సీసాల మాట కూడా చెప్పుకోవాలి. మన ఊళ్లో ఖాళీ సీసాలకి కొదవలేదు. పుదుచ్చేరి పన్నుల వల్ల ఇక్కడ మందు చవక, దాని కోసమే పక్క జిల్లాల నుంచి వచ్చిపోయేవాళ్లున్నారు. తాగి పారేసిన సీసాల్ని ఏరి, కడిగి, మడచెట్లూ పడవలూ గీసే పిల్లల్ని మనసారా మెచ్చుకుంటాను. అయితే తాగుడు వల్ల కన్నీళ్లు పెట్టుకున్న ఇల్లాలికి ఆ సీసాని కానుకగా ఇవ్వకండి. ఎంత మంచి బొమ్మ వేసినా దాని ఆకారం అదేమిటో చెబుతూనే ఉంటుంది. తేనె సీసా, హార్లిక్స్ సీసా, మూత పోయిన ఊరగాయ జాడీ, ఇలా ఆ ఇంటివాళ్ల చేతుల్లో మెలిగిన వస్తువే తీసుకోండి.

ఇక పని సంగతి. మనది ఏటి ఒడ్డు, సముద్రమూ దగ్గరే. గాలిలో తేమ ఎక్కువ, రేకు తొందరగా తుప్పు పడుతుంది. రేకు డబ్బాని ముందు సబ్బునీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తుప్పంతా పోయేదాకా రుద్ది, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత వెయ్యాలి. అది మానేస్తే పైన ఎంత మంచి రంగేసినా కింద తుప్పు పాకుతూనే ఉంటుంది. గాజు సీసా అయితే వేణ్నీళ్లలో నానబెట్టి లేబుల్ తీసెయ్యాలి, మిగిలిన జిగురుని నూనె, వంటసోడా కలిపి రుద్దితే వదులుతుంది. నున్నటి గాజు మీద యాక్రిలిక్ రంగు గట్టిగా పట్టుకోదు. స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, తెల్ల ప్రైమర్ పలచగా పూసి, ఆరాక రంగు వెయ్యాలి. ఒకేసారి దట్టంగా పులమొద్దు, పలచటి పూతలు రెండో మూడో వెయ్యాలి. మబ్బు పట్టిన రోజున ఒక్కో పూత ఆరడానికి చాలా సమయం పడుతుంది. తొందరపడి రెండోది వేస్తే మొదటిది లేచి వచ్చేస్తుంది. చివర వార్నిష్ వేస్తే తడిగుడ్డతో తుడిచినా బొమ్మ చెదరదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. సీసా లోపల, డబ్బా లోపల, తినే పళ్లెంలో రంగు వెయ్యకూడదు. మూతి దగ్గర, నోరు తగిలేచోట కొంత మేర వదిలెయ్యాలి. రెండోది, 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన అమల్లో ఉంది. అంతకు ముందెప్పుడో కొని అటక మీద దాచిన ఎనామిల్ డబ్బా ఉంటే పిల్లలు ముట్టుకునే వస్తువులకి వాడకండి. పాతరంగు ఉన్న వస్తువుని గరుకు కాగితంతో పొడిగా రుద్దితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లుతూ, పిల్లలు లేనిచోట రుద్దాలి.

2022 జులైలో గోదావరి ఊళ్లోకి వచ్చినప్పుడు మా వంటింట్లో అడుగు సామానంతా మునిగింది. అమ్మ పంచదార పోసుకునే పాలపొడి డబ్బా తుప్పెక్కింది. దాన్ని బాగుచేసి, ఆకుపచ్చ రంగేసి, చుట్టూ మడచెట్ల వేళ్లు గీసి మేనకోడలి గృహప్రవేశానికి ఇచ్చాను. అందరూ బొమ్మ చూసి మెచ్చుకున్నారు. మా అత్తయ్య మాత్రం మూత తీసి, లోపల చెయ్యి పెట్టి చూసి, "బాగుందే అమ్మాయ్! ఇందులో ఏమన్నా పోసుకోవచ్చా, ఊరికే చూసుకోడానికేనా?" అని అడిగింది. లోపలికి తుప్పు పాకలేదని, పొట్లం కట్టిన సరుకేదైనా పెట్టుకోవచ్చని చెప్పాను. "అయితే మంచిదే," అంది. మేనకోడలు అందులో టీపొడి ప్యాకెట్లు పెట్టుకుంటోంది.

అప్పటి నుంచి ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా అత్తయ్య ప్రశ్నే వేసుకుంటున్నాను. రంగేశాక ఇది ఏం పని చేస్తుంది? డబ్బా అయితే పొట్లాలు దాచాలి, సీసా అయితే మనీప్లాంటు పెంచాలి, కొబ్బరిచిప్ప తాళంచెవులు పట్టాలి, పీట మీద ఎవరైనా కూర్చోవాలి. అలాంటి కానుకని పుచ్చుకున్నవాళ్లు రోజూ ముట్టుకుంటారు. షోకేసులో పెట్టిన బొమ్మకి ఆ అదృష్టం లేదు. డబ్బాకి పడిన సొట్టని కూడా నేను పూర్తిగా పూడ్చను. అది ఎవరింట్లో, ఎవరి చేతిలో పడిందో తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

జనవరిలో మన ఊళ్లో ప్రజా ఉత్సవాలు, ఫల పుష్ప ప్రదర్శన జరుగుతాయి. అక్కడ ఒక బల్ల ఇలాంటి వస్తువులకీ కేటాయిస్తే బాగుంటుంది. ఒక్కటే షరతు పెట్టాలి: ఏదో ఒక ఇంట్లో కనీసం ఏడాది పనిచేసిన వస్తువే తేవాలి. బహుమతి ఎవరికివ్వాలో తేల్చడానికి చిత్రకారులతో పాటు నాలుగు వీధుల నుంచి నలుగురు పెద్దమ్మల్ని కూర్చోబెట్టాలి. వాళ్లు మూతలు తీసి చూస్తారు.