పాత బియ్యం, కొత్త బియ్యం

ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్న మా మేనల్లుడు రెండు నెలల కిందట ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "మావయ్యా, ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుందామనుకుంటున్నాను. ఏ డిస్ట్రో మంచిది?" అదే సాయంత్రం మా వీధి చివరింటి మాస్టారు చేతిసంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చారు. రిటైరై పదేళ్లు దాటింది. సొంతూరి చరిత్ర రాసుకుంటున్నారు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది. పదకొండు ఆ మెషీన్‌కి ఎక్కదు. "పుస్తకం పూర్తయ్యేదాకా దీంతోనే నెట్టుకొచ్చే దారి ఏమైనా ఉందా, బాబూ?" అని అడిగారు.

ఇద్దరికీ కావలసింది లినక్సే. ఇద్దరికీ ఒకటే లినక్స్ మాత్రం కాదు.

ఒకప్పుడు ఈ ప్రశ్న ఎవరడిగినా ఠక్కున ఒక పేరు చెప్పేవాణ్ణి. ఆ నెలలో నేనేది వాడుతుంటే అదే. ఇప్పుడు ముందు ఇంకో సంగతి అడిగి తెలుసుకుంటాను: ఈ కంప్యూటర్ ఒకరోజు మొరాయిస్తే నీకేమవుతుంది?

లినక్స్ అంటే అసలు కెర్నల్, అంటే వ్యవస్థ గుండెకాయ, ఒక్కటే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది అదే. కెర్నల్ ఒక్కటీ ఉంటే ఉత్తరం ముక్క కూడా రాయలేం. గ్నూ ప్రాజెక్టు పనిముట్లు, డెస్క్‌టాప్, బ్రౌజర్, ఫాంట్లు, ఇలా ఎక్కడెక్కడివాళ్లో విడివిడిగా రాసిన వేల భాగాలను ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చి, పరీక్షించి మన ఇంటిదాకా తెచ్చేవాళ్లు కావాలి. డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా డిస్ట్రో, అంటే ఆ పని. 1993 జులైలో ప్యాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ విడుదల చేశాడు. మరుసటి నెలలోనే ఇయన్ మర్డాక్, ప్రియురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి డెబియన్‌ను ప్రకటించాడు. రెండూ ఇవాళ్టికీ నడుస్తున్నాయి. డెబియన్ మీద 2004లో ఉబుంటు, దాని మీద 2006లో మింట్ వచ్చాయి. రెడ్ హ్యాట్ వైపు నుంచి 2003లో ఫెడోరా వచ్చింది.

ఏ కొత్త డిస్ట్రో చేతికొచ్చినా, ఇన్‌స్టాల్ చెయ్యకముందే పెన్‌డ్రైవ్ మీంచి నడిపి, తెలుగులో నాలుగు మాటలు కొట్టి చూస్తాను. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, ఈర్ష్య. ఒత్తులు తమ చోట్లో కూర్చున్నాయా లేదా అన్నది నాకు ముఖ్యం. ఇప్పుడు దాదాపు అన్ని డిస్ట్రోల్లోనూ ఆ ఒత్తుల్ని కూర్చోబెట్టే పని హార్ఫ్‌బజ్ అనే ఒకే లైబ్రరీది. ఒకచోట సరిగ్గా వస్తే అన్నిచోట్లా వస్తాయి. ఇక మిగిలిన తేడా ఏ ఫాంటు ముందే పెట్టి ఇచ్చారన్నదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా దొరుకుతాయి. ఒక్క కమాండ్‌తో వచ్చేస్తాయి. మనం పోల్చి చూసుకునే తేడాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. మెనూ పైనుందా కిందుందా, ప్యాకేజీ దించుకోవడానికి 'ఆప్ట్' అని కొట్టాలా 'డీఎన్ఎఫ్' అని కొట్టాలా, ఇవన్నీ వారం తిరక్కుండా చేతికి అలవాటైపోతాయి.

అలవాటుతో సర్దుకోని తేడా ఒకటుంది. అది కాలం.

మా అమ్మ బియ్యం కొనేటప్పుడు రకం తర్వాత అడిగేది. ముందు "ఎన్నాళ్లు నిలవున్నవి?" అనేది. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది. ఏడాది నిలవున్నవైతే పొడిపొడిగా వస్తుంది. అలాగని సంక్రాంతికి అరిసెలు వండే రోజున పాత బియ్యం ముట్టుకునేది కాదు. ఏ పూటకు ఏ బియ్యమో ఆమెకు తెలుసు. డిస్ట్రోలను పోల్చడానికి నాకు దొరికిన కొలమానాల్లో ఇంతకన్నా నికరమైనది లేదు.

డెబియన్ స్టేబుల్ పాత బియ్యం. సుమారు రెండేళ్లకోసారి వస్తుంది. విడుదలకు ముందు కొన్ని నెలలపాటు కొత్త వెర్షన్లకు తలుపు మూసేసి, ఉన్న తప్పులు దిద్దుకుంటూ కూర్చుంటారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ డెబియన్‌లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. విడుదలయ్యాక వాటి వెర్షన్లు ఇక దాదాపుగా కదలవు. భద్రతకు సంబంధించిన సవరణల్ని ఆ పాత వెర్షన్‌కే అతికేలా కుట్టి పంపుతారు. ఫెడోరా ఆరు నెలలకో పంట. ఒక్కో విడుదలకు మద్దతు 13 నెలలకు కాస్త అటూ ఇటూ. ఉబుంటు ఏప్రిల్‌లో, అక్టోబరులో వస్తుంది. 24.04 అంటే 2024 ఏప్రిల్ అని పేరులోనే ఉంటుంది. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్, దానికి ఐదేళ్ల భరోసా. మింట్ కూర్చున్నది ఆ ఎల్‌టీఎస్ మీదే. ఆర్చ్ వంటి వాటికి విడుదలలే లేవు. ఎప్పటికప్పుడు కల్లంలోంచి నేరుగా ఇంటికే. దాన్ని రోలింగ్ అంటారు.

రోలింగ్ డిస్ట్రో ఒకటి నేనూ కొన్నాళ్లు వాడాను. మూడు నెలలు అప్‌డేట్ చెయ్యకుండా వదిలేసి, ఈ కాలమ్ పంపవలసిన రాత్రే చేశాను. మళ్లీ ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. ఫలానా మార్పు చేతితో చేసుకోవాలని ఆ డిస్ట్రో వాళ్లు ముందే ప్రకటించారు. నేను చదవలేదు. తెల్లవారుజాము దాకా మా ఆవిడ ల్యాప్‌టాప్ మీద వ్యాసమంతా మళ్లీ రాశాను. కొత్తది కావాలంటే రోజూ కనిపెట్టుకుని ఉండాలని ఆ రాత్రి నాకు బాగా తెలిసొచ్చింది. అప్పట్నించీ నా రాత మెషీన్ మీద డెబియన్ స్టేబుల్ తప్ప మరోటి లేదు.

అయితే పాతదే గొప్పదని తేల్చేద్దామనుకున్న నన్ను 2024 మార్చి ఆపింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న పనిముట్టు, దాదాపు అన్ని లినక్స్ మెషీన్లలోనూ ఉంటుంది. మారుపేరుతో ఒకరు రెండేళ్లకు పైగా అందులో ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, సర్వర్లలోకి దొంగదారి వేసే కోడ్ చేర్చారు. అది కొత్తదాన్ని వెంటనే అందుకునే చోట్లకు చేరింది: డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్, ఫెడోరా పరీక్ష దశలోని రూపాలు, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్. స్టేబుల్‌లో ఉన్నది అంతకు ముందటి వెర్షన్ కనుక నా మెషీన్‌కు ఏమీ కాలేదు.

పట్టుకున్నదెవరు? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్. అతని కంప్యూటర్‌లో ఉన్నది డెబియన్ అన్‌స్టేబుల్. ఒక సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే పిల్లవాడి పేరు మీద దాన్ని సిడ్ అంటారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి, తీగ లాగాడు. మార్చి 29న లోకానికి చెప్పాడు. అతను కూడా నాలాగే నిలవ సరుకు వాడుతుంటే ఆ కోడ్ మరుసటి స్టేబుల్‌లో కలిసి నా ఇంటికీ వచ్చేదేమో. ఎవరో కొత్తది వండుకుని రాళ్లు ఏరి పెడితేనే నాకు పాతది భద్రంగా దొరికింది. ఆ రోజు నుంచి డిస్ట్రోలను పోటీదారులుగా చూడటం మానేశాను. ఒకే ధాన్యాన్ని వేరువేరు దశల్లో చూసుకునేవాళ్లు వీళ్లంతా.

మాస్టారి ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాను. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, ఫాంటు సైజు పెంచి ఇచ్చాను. పుస్తకం పూర్తయ్యేదాకా ఆయన కళ్లముందు ఏదీ మారకూడదు. మేనల్లుడికి ఫెడోరా చెప్పాను. వాడి వయసుకు ఒకరోజు మెషీన్ మొరాయిస్తే అదీ చదువే.

గత వారం వాడు మళ్లీ ఫోన్ చేశాడు. మాస్టారు రోజూ తెరిచే ప్రోగ్రామ్‌లోనే, ఒక మెనూలో తెలుగు మాట తప్పుగా ఉందట. సరిదిద్ది పంపితే దాన్ని తీసుకున్నారట. గొంతులో సంతోషం దాగలేదు. "మరి తాతగారి ల్యాప్‌టాప్‌లోకి ఎప్పుడొస్తుంది మావయ్యా?" అన్నాడు. లెక్కవేశాను. ముందు వాడి ఫెడోరాలోకి, తర్వాత డెబియన్‌లోకి, అక్కణ్నుంచి ఉబుంటు ఎల్‌టీఎస్‌లోకి, చివరికి మింట్‌లోకి. ఏడాదో రెండేళ్లో పడుతుంది.

"అంత ఆలస్యమా?" అన్నాడు.

"పర్లేదురా, నిలవుండనీ" అన్నాను.