విద్యారంగంలో వెబ్ ఫీడ్‌ల వినియోగం: ఒక విమర్శనాత్మక పరిశీలన

బ్లాగులను, వార్తలను అధ్యయన సామగ్రిగా స్వీకరించే విద్యార్థికి వెబ్ ఫీడ్ స్వేచ్ఛనిచ్చే సాధనమన్న వాదం చాలాకాలంగా ఉంది. పాఠకుడు సైట్ల చుట్టూ తిరగనక్కరలేదు. కొత్త రచనే అతని వద్దకు వస్తుంది. 1999లో నెట్‌స్కేప్ సంస్థలో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్ 2002 నాటికి 2.0 రూపాన్ని పొందింది. ఆటమ్ 2005లో ప్రమాణంగా వెలువడింది. స్వరూపరీత్యా ఫీడ్ అంటే శీర్షిక, లంకె, తేదీ, రచన లేదా దాని సారాంశం గల ఒక ఎక్స్‌ఎంఎల్ దస్త్రం, అంతే. ఇంత చిన్న దస్త్రం మీద అంత పెద్ద ఆశ పెట్టుకోవడం సమంజసమేనా?

ఈ వాదానికి గట్టి ఆధారం 2008లో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ద్వారా నడిపిన ‘కనెక్టివిజం అండ్ కనెక్టివ్ నాలెడ్జ్’ కోర్సు. రుసుము చెల్లించినవారు సుమారు 25 మంది. ఉచితంగా చేరినవారు రెండు వేలకు పైచిలుకు. అభ్యాసకులు తమ బ్లాగుల్లో రాసుకొన్నవాటిని డౌన్స్ రూపొందించిన జీఆర్‌ఎస్‌ఎస్‌షాపర్ ఫీడ్‌ల ద్వారా సేకరించి, ఈమెయిల్ లేఖగా అందరికీ పంపేది. రచన రాసినవారి స్థలంలోనే ఉంటుంది. తరగతి అక్కడికి వెళ్లి చదువుతుంది. ఈ అమరిక నిస్సందేహంగా మెచ్చదగినది. కాని ఆ లేఖలో బోధకుల సూచనలు, వారు ఎంచిన పఠనీయాంశాలు కూడా ఉండేవి. బోధించినది ఫీడ్ కాదు, దానికి తోడైన ఎంపిక. ఫీడ్‌ను ప్రశంసించేవారు తరచుగా మరచేది ఇదే.

తెలుగులో కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు ఇదే సూత్రంపై పనిచేశాయి. చెల్లాచెదురుగా ఉన్న తెలుగు బ్లాగులను ఒక్కచోట చూపడం వాటి ఘనత. అయితే అక్కడి వరుస కాలక్రమమే తప్ప విషయక్రమం కాదు. ఛందస్సు మీద నెలల తరబడి శ్రమించి రాసిన వ్యాసమూ, పూటలో పుట్టిన సరదా టపా కూడా సమానంగా ఒక్కొక్క పంక్తి ఆక్రమించి, కొత్తవి రాగానే కిందికి జారిపోయేవి. ఈ నిష్పాక్షికతను లోపమని నేను అనను; పాఠకుడి అభిరుచిని తానే ఊహించి వడ్డించే సామాజిక మాధ్యమాలకన్నా ఇది గౌరవప్రదమైనది. పరిశోధనకు మాత్రం అది చాలదు.

అసలు చిక్కు జ్ఞాపకానికి సంబంధించినది. వర్డ్‌ప్రెస్ ఫీడ్ సాధారణంగా చివరి 10 టపాలనే అందిస్తుంది. నేడు ఒక బ్లాగుకు చందాదారుగా చేరిన విద్యార్థికి దాని పూర్వరచనలు ఫీడ్ ద్వారా దొరకవు. గూగుల్ రీడర్ పాత అంశాలను తన వద్ద నిల్వ ఉంచేది. 2013 జులై 1న అది మూతపడినప్పుడు పాఠకులు తమ చందాల జాబితాను ఓపీఎంఎల్ దస్త్రంగా వెంట తీసుకుపోగలిగారు గాని, సర్వర్లలో పేరుకొన్న ఆ నిల్వ వారి వెంట రాలేదు. ఆర్కైవ్ టీమ్ స్వచ్ఛంద కార్యకర్తలు అందినంత భద్రపరిచారు. ఈలోగా మూల బ్లాగు కూడా తొలగిపోయి ఉంటే, సిద్ధాంత వ్యాసంలో ఇచ్చిన లంకెకు విలువేమిటి?

కనుక తెలుగు బ్లాగు సాహిత్యంపై పనిచేసేవారు ఫీడ్‌ను ఆకరంగా కాక, ఆకరం వైపు పిలిచే కబురుగా పరిగణించాలి. ఉదాహరించదలచిన టపా ప్రతిని, చూసిన తేదీతో సహా, ఆ రోజే దాచుకోవాలి. ఈ భేదం జొటేరో ఉపకరణంలో స్పష్టంగా కనిపిస్తుంది: ఫీడ్ ద్వారా వచ్చిన అంశాలు నిర్ణీత గడువు తరువాత వాటంతటవే తొలగిపోతాయి, పరిశోధకుడు తన గ్రంథాలయంలోకి చేర్చుకొన్నవి మాత్రమే మిగులుతాయి.