నవ్వుకు వదిలిన జాగా

లారెల్-హార్డీ సినిమాలు ఫోన్‌లో చూసిన కుర్రాళ్లు ‘మరీ నెమ్మది’ అని పెదవి విరుస్తుంటారు. ఒక్కణ్ణే కూర్చుని చూస్తే నాకూ అలాగే ఉంటుంది. ఏదో విరుగుతుంది, హార్డీ మనవైపు తిరిగి గుడ్లప్పగించి అలా ఉండిపోతాడు. అంతసేపు దేనికి? నాటికలు ఆడించే అలవాటున్నవాణ్ణి, ఆ ఖాళీ మీదే నా ధ్యాస.

ఖాళీ పెట్టించింది జంటలో బక్కాయన, స్టాన్ లారెల్. 1890లో ఉత్తర ఇంగ్లండ్‌లోని ఉల్వర్‌స్టన్‌లో పుట్టాడు. అసలు పేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్. తల్లి నటి, తండ్రి నాటకశాలల మేనేజరు. 16వ ఏట గ్లాస్గోలోని పనోప్టికన్ హాల్లో తండ్రికి తెలియకుండా, ఆయన బట్టలే తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. తీరా చూస్తే తండ్రి జనంలోనే ఉన్నాడు! కంగారులో టోపీ జారింది, పారిపోబోతే కోటు చిరిగింది. అదీ ఆటలో భాగమే అనుకుని జనం గొల్లుమన్నారట. స్టాన్ స్వయంగా చెప్పుకున్న కథ ఇది. కాస్త మసాలా పడే ఉంటుంది, ఇంటిల్లిపాదీ నాటకాలవాళ్లే కదా.

తర్వాత ఫ్రెడ్ కార్నో హాస్యనాటికల కంపెనీలో చేరాడు. చాప్లిన్ రాలేని రోజున ఆ వేషం కట్టడానికి సిద్ధంగా ఉండటం అక్కడ అతని పనుల్లో ఒకటి. 1910లో ఇద్దరూ ఒకే ఓడలో అమెరికా వెళ్లారు. చాప్లిన్ సినిమాల్లోకి పోయాక ట్రూపు చెదిరింది, స్టాన్ ఏళ్లతరబడి ఊరూరా ఆడుకున్నాడు. స్టాన్ జెఫర్సన్ అంటే ఇంగ్లీషులో 13 అక్షరాలు, అచ్చిరాదని లారెల్ అయ్యాడంటారు. హాల్ రోచ్ స్టూడియోలో కుదిరింది కథలు రాయడానికి, డైరెక్షన్‌కి. 1926లో అక్కడే నటిస్తున్న హార్డీ వంట చేస్తూ చెయ్యి కాల్చుకోవడంతో అతని వేషం తనే వెయ్యాల్సి వచ్చింది. మరుసటి ఏడాదికి ఇద్దరూ జంటయ్యారు.

జంటలో స్టాన్ అమాయకుడు తెరమీదే. ఎడిటింగ్ బల్ల దగ్గర అతనే పెద్ద దిక్కు. సినిమా విడుదలకు ముందు మామూలు జనానికి వేసి చూపించేవారు. ఎక్కడ నవ్వారు, ఎంతసేపు నవ్వారు అని చూసుకుని మళ్లీ కత్తెర వేసేవారు. నవ్వు ఎక్కువైతే తర్వాతి మాట వినపడదు, అందుకే హార్డీ చూపును అక్కడ సాగదీసేవారు. స్టేజీ మీదైతే నటుడే నవ్వు తగ్గేదాకా ఆగుతాడు. తెరమీది బొమ్మ ఆగదు గనక, ఆ ఆగడాన్ని ముందే రీలులో కలిపిపెట్టాడన్నమాట. మా నాటికల్లో చాలామందికి చేతకానిది ఇదే. చప్పట్ల మీదే తర్వాతి డైలాగు కొట్టేస్తారు.

పియానోను పొడవాటి మెట్లమీదికి ఎక్కించే ‘ది మ్యూజిక్ బాక్స్’కు 1932లో ఆస్కార్ వచ్చింది. అరగంట సినిమా. ఫోన్ పక్కన పెట్టి, ఇంట్లో నలుగురినీ పోగేసి టీవీలో వేసి చూడండి. ముందుకు మాత్రం జరపకండి.