జీవశాస్త్రమున ‘యోగ్యత’ – ఒక పదవిచారము

పరిణామ సిద్ధాంతమును గూర్చి తెలుగున వ్రాయునపుడు ‘బలవంతులదే మనుగడ’ యను మాట యలవోకగా దొరలుచుండును. ఈ యనువాదము మూలమునకు న్యాయము చేయుట లేదని మా యభిప్రాయము.

‘సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్’ అనునది మొదట డార్విను మాట కాదు. 1864లో హెర్బర్టు స్పెన్సరు కల్పించినది. ‘ప్రకృతి వరణము’ అన్నచో వరించు కర్త యొకడున్నట్లు పాఠకులు భ్రమపడుదురని 1866లో వాలెసు సూచింపగా, డార్విను తన గ్రంథపు 1869 నాటి యైదవ కూర్పున దీనిని చేర్చెను. ఒక భ్రాంతిని తొలగింపబోయి మఱియొక దానికి తావిచ్చినట్లయ్యెను.

‘ఫిట్’ అనగా నిచ్చట తగినది, దృఢమైనది కాదు. బలము తనంత తాను నిలుచును. ‘తగినది’ యన్నంతనే ‘దేనికి?’ అను ప్రశ్న పుట్టును. శాబ్దబోధ ప్రకరణమున తార్కికులు చెప్పు ‘యోగ్యత’యు నిట్టిదే. ‘నిప్పుతో తడిపెను’ అనుచోట నిప్పునందు గాని, తడుపుటయందు గాని దోషము లేదు. ఆ రెంటికి పొత్తు కుదరదు, అంతియే. నేటి వాడుకలో ‘యోగ్యుడు’ గుణవంతుడై, ‘యోగ్యతాపత్రము’ ఉద్యోగార్థి చేతి కాగితమై కూర్చున్నది గావున చిక్కు వచ్చినది.

కంచరగాడిద బరువులు మోయుటలో పేరుపడినది. కాని దానికి సంతానము దాదాపు కలుగదు. జీవశాస్త్రజ్ఞుని లెక్కలో దాని యోగ్యత ఇంచుమించు సున్న. కొడవలి కణముల జన్యువు మఱింత విశదమైన యుదాహరణము. దాని ప్రతి యొక్కటి యున్నవారికి మలేరియా నుండి కొంత రక్షణ కలదని 1954లో ఆలిసను చూపెను. రెండున్నవారికి దారుణమైన రక్తవ్యాధి కలుగును. మలేరియా లేనిచోట లాభము పోయి నష్టమే మిగులును. మన గోదావరి, విశాఖ మన్యముల గిరిజనులందును ఈ జన్యువు కలదు. ఇది మంచిదా, చెడ్డదా? ప్రశ్నయే తప్పు.

ఇది వట్టి పదముల పట్టింపు కాదు. 1927లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము బక్ – బెల్ వ్యాజ్యమున ‘అయోగ్యు’లని ముద్రపడిన వారి నిర్బంధ వంధ్యీకరణమును సమర్థించినపుడు, పరిసరసాపేక్షమైన మాట మనుష్యుల విలువకు కొలతయైనది.

మిగిలినదే తగినది, తగినదే మిగులును అనుట పునరుక్తి యను ఆక్షేపము బలమైనదే. 1979లో మిల్సు, బీటీలు చెప్పిన సమాధానము మాకు సమ్మతము: యోగ్యత యనగా కలిగిన సంతానసంఖ్య కాదు, ఆ పరిసరమున సంతానము కలుగుటకు గల ప్రవృత్తి. ఒకే దుంపకు పుట్టి, ప్రక్కప్రక్కన నాటిన రెండు అరటి పిలకలలో నొకటి గాలివానకు కూలినంత మాత్రమున దాని యోగ్యత తక్కువయని చెప్పరాదు.

పాఠ్యగ్రంథములలో ‘యోగ్యత’నే యుంచవచ్చును, కాని మొదటి ప్రయోగముననే ‘ఈ పరిసరమున’ అను విశేషణమును చేర్పవలెను. ‘అనుకూలనము’ అడాప్టేషను అను వేఱొక భావమునకు రూఢమైనది గనుక దానిని ఇచ్చట వాడరాదు.