లిన్నేయస్ ఉపమానం – ఆండ్రోమెడా మొక్క

స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1732లో లాప్లాండ్ ప్రాంతంలో పర్యటించినాడు. అక్కడి బురదనేలలలో గులాబిరంగు పూలతో ఉన్న ఒక చిన్న పొద అతనిని ఆకర్షించింది. దానికి ఆండ్రోమెడా అని పేరు పెట్టి, 1737లో వెలువడిన ‘ఫ్లోరా లాప్పోనికా’ గ్రంథంలో ఆ పేరుకు కారణం వివరించినాడు. శాస్త్రరచనలో ఉపమానం ఎంత మేలు చేయగలదో, ఎక్కడ దారి తప్పించగలదో ఆ వర్ణన చూపుతుంది.

గ్రీకు పురాణంలో ఆండ్రోమెడా ఒక రాజపుత్రిక. సముద్రంలోని రాతికి గొలుసులతో కట్టి ఆమెను జలరాక్షసికి బలి ఇవ్వబోగా పెర్సియస్ అనే వీరుడు విడిపించినాడు. లిన్నేయస్ దృష్టిలో నీటి నడుమ దిబ్బపై నిలిచిన మొక్కయే ఆ కన్య. వ్రాలిన పూవు ఆమె ముఖం. చుట్టూ ఉన్న కప్పలు రాక్షసులు. నీటిని ఇంకించే వేసవి పెర్సియస్.

ఈ వర్ణనలోని గుణం స్పష్టమే. మొక్క పెరిగే చోటు, వంగిన పూవు, మొగ్గలో ఎర్రగా ఉండి విచ్చుకొన్న తరువాత పాలిపోయే రంగు, నిక్కి నిలిచే కాయ – అన్నీ కంటితో చూచి చెప్పినవే. చదివిన విద్యార్థి ఈ మొక్కను మరచిపోడు.

కాని మొక్క జీవితం ఇక్కడ తారుమారైనది. బురదనేల దానికి చెర కాదు, పుట్టినిల్లు. ఆమ్లగుణం గల ఆ నేలలో పోషకాలు అరుదు. వేళ్లలో నివసించే శిలీంధ్రాలు నత్రజనిని సమకూరుస్తాయి. మొక్క నిస్సహాయురాలు కూడ కాదు. దాని ఆకులు పశువులకు విషం. ఆ విషానికి ఆండ్రోమెడోటాక్సిన్ అన్న పేరు ఈ ప్రజాతి నామం నుండియే వచ్చింది. శిలీంధ్రాల సంగతి తెలియనందుకు లిన్నేయస్‌ను తప్పుపట్టరాదు. ‘మైకోరైజా’ అన్న పదమే 1885 నాటిది. అయితే ఇది తడినేల మొక్క అని అతడు స్వయంగా చూచినాడు. అయినా నీటిని తొలగించేవానిని రక్షకునిగా చిత్రించినాడు. ఐరోపాలో సేద్యానికి, పీట్ త్రవ్వకానికి బురదనేలలను ఎండగట్టిన చోట్ల ఈ మొక్క నశించింది. దానికి నిజమైన రాక్షసుడు ఆ పెర్సియసే.

పేరు చరిత్ర మరొకటి. లిన్నేయస్ ఈ ప్రజాతిలో పెక్కు జాతులను చేర్చినాడు. 1834లో డేవిడ్ డాన్ కాసియోపీ, లూకోథో మొదలైన ప్రజాతులను వేరుచేసినాడు. కాసియోపీ పురాణంలో ఆండ్రోమెడా తల్లి పేరు. నేడు ఆండ్రోమెడాలో మిగిలినది పోలిఫోలియా అనే జాతి ఒక్కటే. కొందరు ఉత్తర అమెరికా రూపాన్ని రెండవ జాతిగా లెక్కిస్తారు.

ఉపాధ్యాయులు ఈ కథను తరగతిలో తప్పక చెప్పవచ్చును. చెప్పిన తరువాత, నీరంతా ఇంకిపోతే ఆ మొక్క గతి ఏమిటని విద్యార్థులను అడుగవలెను. పాఠం అక్కడనుండి మొదలవుతుంది.