సంధి, మత్తు, చాదస్తము: మూడు మాటల పరిశీలన

వ్యాధికి పెట్టిన పేరు చికిత్సకు తొలిమెట్టు. పేరు తప్పినచో దారి తప్పును. సోలాపురమునందలి విడీ ఘర్కుల్ వంటి తెలుగు పేటలలో, మగ్గము మీదనో బీడీల చేట ముందరనో ఆయువు గడపిన పెద్దలు తుంటియెముక విరిగియో, న్యుమోనియా సోకియో ఆసుపత్రికి పోయివచ్చిన పిదప, రేయింబవళ్ల భేదము మరచుట, బిడ్డల పేర్లు తడబడుట, డబ్బు లెక్క తప్పుట సంభవించును. దీనిని తెలుగువారు మూడు విధములుగా చెప్పుదురు: ‘సంధి పుట్టినది’, ‘మత్తుమందు తలకెక్కినది’, ‘చాదస్తము వచ్చినది’. వీనిలో ఏది సత్యమునకు దగ్గర, ఏది దూరము అనునది విచారింపదగిన విషయము.

మొదటిది సంధి. సన్నిపాతజ్వర లక్షణములలో తంద్రను, మోహమును, ప్రలాపమును మాధవనిదానము పేర్కొన్నది. ‘సంధి ప్రేలాపన’ అను పలుకుబడి ఆ భావమునకు ఇంటి రూపము. త్రిదోషములతో చేసిన వివరణను నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు. అయినను ఈ మాటకు ఒక గొప్ప గుణము కలదు. రోగము ఊపిరితిత్తులలో నున్నను కలత మతియందు పుట్టునని ఇది గుర్తించినది. దీని లోపములు రెండు. ప్రేలాపన లేక మగతగా పడియుండు సంధి ఈ మాటకు అందదు. వృద్ధులలో తరచుగా గుర్తింపబడక పోవునది ఆ రూపమే. జ్వరము తగ్గగానే సంధియు పూర్తిగా తొలగునను నమ్మకము రెండవ లోపము.

రెండవది మత్తు. ఈ అనుమానము పామరులది మాత్రమే కాదు. 1955లో బెడ్‌ఫర్డ్ అను ఆంగ్ల వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో, వృద్ధుల మెదడుపై మత్తుమందు కలిగించు చెడుగును గూర్చి వ్రాసెను. 1998లో అదే పత్రికలో ప్రకటితమైన బహుదేశ పరిశోధనలో, 60 ఏండ్లు నిండిన 1,218 మంది రోగులను పెద్ద శస్త్రచికిత్సకు ముందును వెనుకను పరీక్షించిరి. వారము నాటికి 25.8 శాతము, మూడు నెలల నాటికి 9.9 శాతము మందిలో మతిశక్తి తగ్గియుండెను. శస్త్రచికిత్స లేనివారిలో ఈ సంఖ్యలు 3.4, 2.8 మాత్రమే. ప్రాణవాయువు తగ్గుటగాని, రక్తపోటు పడిపోవుటగాని దీనికి కారణముగా తేలలేదు. 2021లో వెలువడిన మరియొక పరిశోధన తుంటి విరిగిన 1,600 మందికి సంబంధించినది. అందు వెన్నులో సూది వేయబడినవారికిని, పూర్తి మత్తు ఈయబడినవారికిని సంధి ఇంచుమించు సమానముగనే, నూటికి ఇరువదిమందికి, కలిగెను. మత్తుకు ఏ పాత్రయు లేదని దీనివలన చెప్పరాదు. ప్రధాన కారణమును వేరొకచోట కూడ వెదకవలెనని మాత్రము తేలుచున్నది.

ఆ వెదకుటలో శాస్త్రజ్ఞులకు కనబడినది శోథము. గాయము చుట్టు ఎరుపు, వేడి, వాపు, నొప్పి పుట్టించు దేహరక్షణ వ్యాపారమే శోథము. కత్తి కోసినను, క్రిములు సోకినను, తెల్లకణములు ఇంటర్‌ల్యూకిన్‌ల వంటి సంకేత పదార్థములను నెత్తురులోనికి విడుచును. ఇవి మెదడునకు కావలియైన రక్తనాళపు పొరను సడలించును. మెదడులోని మైక్రోగ్లియా అను రక్షక కణములను రెచ్చగొట్టును. జ్ఞాపకమునకు ఆటపట్టైన హిప్పోకాంపస్ పనిని చెరచును. ఎలుకలలో ఈ సంకేతములను అడ్డగించినపుడు శస్త్రచికిత్స తరువాతి మరపు తగ్గినది. అయితే మనుష్యులలో వాదము ఇంకను ముగియలేదు. శోథమునణచు స్టెరాయిడ్ మందును గుండె శస్త్రచికిత్సలో వేలమందికిచ్చిన 2015 నాటి పరిశోధనలో సంధి తగ్గలేదు. కావున శోథము ఒక బలమైన కారణమే కాని ఏకైక కారణమని నిర్ణయింపరాదు.

మూడవది చాదస్తము. ఛాందస శబ్దమునకు చుట్టమైన ఈ మాట నేడు ముసలితనమును నిందించుటకే మిగిలినది. మూడింటిలో హాని చేయునది ఇదియే. ఏలయన ఇది విచారణను ముగించును. వయసుతో వచ్చినదానికి వైద్యుని పిలువనేల? కాని 2013లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, తీవ్రచికిత్సా విభాగమునుండి బయటపడి మూడు నెలలకు పరీక్షింపబడినవారిలో 40 శాతము మంది మతిశక్తి, తలకు ఓమాదిరి దెబ్బ తగిలినవారి స్థాయికి దిగియుండెను. ఇందు వృద్ధులేగాక చిన్నవయసువారును కలరు. సంధి ఎన్ని ఎక్కువ దినములున్నచో తరువాతి నష్టము అంత హెచ్చు. సంవత్సరములుగా మెల్లగా వచ్చు మరపు వేరు. రెండు దినములలో వచ్చిన మార్పు వేరు. రెండవది దేహములో ఏదో చెడినదను హెచ్చరిక.

ఈ భేదము గుర్తించుటవలన ప్రయోజనము కలదు. 1999లో 70 ఏండ్లు నిండిన 852 మందిపై జరిగిన పరిశోధనలో, కళ్లజోడు, వినికిడి సాధనము అందించుట, నీరు త్రాగించుట, నడిపించుట, రాత్రి నిద్రపోనిచ్చుట, దినమును స్థలమును గుర్తు చేయుట వంటి పనులవలన సంధి 15 శాతమునుండి 9.9 శాతమునకు తగ్గెను. ఈ పనులలో చివరిది భాషకు సంబంధించినది. బీడీలు చుట్టి బ్రతికిన తెలుగు అవ్వను ‘నేడు ఏ వారము?’ అని మరాఠీలో అడిగినచో, జవాబు రాకపోవుట మతిలోపమో భాషాలోపమో తేలదు. ప్రక్కన కూర్చుండి తెలుగున పలుకరించు మనుమరాలు ఆ అవ్వకు ఓదార్పే కాదు, చికిత్సలో భాగము కూడ.

కావున మత్తును తగినంతగా మాత్రమే అనుమానింపవలెను. ఆ భయముతో అవసరమైన శస్త్రచికిత్స మానరాదు. హఠాత్తుగా వచ్చిన మార్పునకు చాదస్తమని పేరుపెట్టుట విడువవలెను. సంధి అను పాతమాటనే, మగతయు మరపును కూడ ఇమిడునట్లు అర్థము విస్తరించి, వైద్యుని యెదుట ధైర్యముగా వాడుకొనవలెను. ‘నిన్నటివరకు ఇట్లు లేదు, నేడు సంధి పుట్టినది’ అను ఒక్క వాక్యము, దాగియున్న రోగమును సకాలమున వెదకించగలదు.